పట్టాకు గుర్తింపు, సంతకానికి అర్హత: ఇంజినీరు లైసెన్సుపై తెగని చర్చ

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ దగ్గర పడేసరికి తిరుపతి నుంచి చిత్తూరు దాకా రోడ్డు పొడవునా ఇంజినీరింగ్ కాలేజీల ఫ్లెక్సీలు వెలుస్తాయి. ఏఐసీటీఈ ఆమోదం, జేఎన్‌టీయూ అనంతపురం అనుబంధం, నాక్ గ్రేడు, ఎన్‌బీఏ అక్రెడిటేషన్, అటానమస్ హోదా అన్నీ ఒకే వరసలో, ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి. చదివే తల్లిదండ్రులకు అన్నీ ఒకటే అనిపిస్తాయి. వీటిలో ఏది లేకపోతే పట్టాకే ఎసరు వస్తుంది, ఏది విదేశంలో పనికొస్తుంది, ఏది రేపు ఒక అపార్ట్‌మెంటు ప్లాను మీద సంతకం పెట్టే హక్కు ఇస్తుంది అన్నది ఫ్లెక్సీ చెప్పదు.

ఈ గందరగోళానికి తల్లిదండ్రుల అమాయకత్వం కారణం కాదు. కోర్సుకు ఇచ్చే అక్రెడిటేషన్‌కూ, మనిషికి ఇచ్చే ఇంజినీరు లైసెన్సుకూ సంబంధం ఏమిటన్న ప్రశ్నకు మన దేశంలో చట్టమే సూటిగా జవాబు చెప్పలేదు. వృత్తి సంఘాలు ఒకటి అంటాయి, పరిశ్రమలు మరొకటి అంటాయి, గల్ఫ్ దేశాలు ఇంకొకటి అమలు చేస్తాయి. ఈ చర్చ ఎక్కడ మొదలై ఎటు తిరిగిందో, దక్షిణ రాయలసీమ విద్యార్థికి దానివల్ల ఒరిగేదేమిటో, ఇంకా తేలనిదేమిటో వరసగా చూద్దాం.

ముందు ముద్రలను విడదీయాలి

ఆమోదం అంటే కాలేజీ నడపడానికి అనుమతి. 1987 నాటి చట్టం ప్రకారం ఏఐసీటీఈ దీన్ని ఇస్తుంది. భూమి, భవనాలు, సీట్లు, అధ్యాపకుల సంఖ్య వంటివి చూస్తుంది. విశ్వవిద్యాలయాలు సొంతంగా సాంకేతిక కోర్సులు పెట్టుకోవడానికి ముందస్తు ఆమోదం అక్కర్లేదని 2001లో భారతిదాసన్ యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అనుబంధం అంటే పట్టా ఎవరి పేరుతో వస్తుందన్న సంగతి. 2008లో విశ్వవిద్యాలయంగా ఏర్పడిన జేఎన్‌టీయూ అనంతపురం ఈ ప్రాంతపు ప్రైవేటు కాలేజీల్లో ఎక్కువ వాటికి తల్లి సంస్థ. అటానమస్ కాలేజీ సిలబస్, పరీక్షలు తానే చూసుకుంటుంది. పట్టా మాత్రం విశ్వవిద్యాలయానిదే.

నాక్ మొత్తం సంస్థకు గ్రేడు ఇస్తుంది. ఎన్‌బీఏ అలా కాదు, ఒక్కో కోర్సును విడిగా చూస్తుంది. ఒకే కాలేజీలో ఈసీఈకి అక్రెడిటేషన్ ఉండి, సివిల్‌కు లేకపోవచ్చు. పైగా అది శాశ్వతం కాదు. మూడేళ్లకో ఆరేళ్లకో ఇస్తారు, గడువు తీరితే మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. 'మా కాలేజీకి ఎన్‌బీఏ ఉంది' అన్న ప్రకటనలో ఏ బ్రాంచికి, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అన్న రెండు వివరాలు లేకపోతే ఆ మాటకు పెద్దగా అర్థం లేదు.

లైసెన్సు ఈ నాలుగింటికీ భిన్నం. అది వ్యక్తికి వస్తుంది. ఫలానా మనిషి ఫలానా పని మీద బాధ్యతగా సంతకం పెట్టవచ్చని చెబుతుంది. తప్పు చేస్తే రద్దవుతుంది. పట్టాను రద్దు చేయడం దాదాపు అసాధ్యం. లైసెన్సును రద్దు చేయడానికి వీలుండటమే దాని ప్రయోజనం.

చరిత్ర: మూడు దారులు

అమెరికాలో లైసెన్సు ముందు వచ్చింది, అక్రెడిటేషన్ తరువాత వచ్చింది. 1907లో వయోమింగ్ రాష్ట్రం మొదటి ఇంజినీరు లైసెన్సు చట్టం చేసింది. 1937 మార్చిలో టెక్సాస్‌లోని న్యూ లండన్ పాఠశాలలో గ్యాస్ పేలి సుమారు 300 మంది, ఎక్కువగా పిల్లలు, చనిపోయాక ఆ రాష్ట్రం కూడా అదే ఏడాది చట్టం తెచ్చింది. ఏబీఈటీగా ఇప్పుడు మనకు తెలిసిన సంస్థ 1932లో వేరే పేరుతో పుట్టి, 1936 నుంచి కోర్సులను పరిశీలించసాగింది. లైసెన్సు బోర్డులు ప్రతి అభ్యర్థి చదువునూ తామే జల్లెడ పట్టలేవు కాబట్టి ఆ పనిని అక్రెడిటేషన్‌కు వదిలేశాయి. అక్రెడిట్ అయిన కోర్సు, ఎఫ్‌ఈ పరీక్ష, సాధారణంగా నాలుగేళ్ల అనుభవం, ఆపైన పీఈ పరీక్ష. అక్కడి వరస ఇది. అయితే కంపెనీల్లో యంత్రాలు, ఉత్పత్తుల మీద పనిచేసేవారిలో ఎక్కువమందికి ఈ లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. ప్రజలకు నేరుగా సేవ అందించే ఇంజినీరుకే అది తప్పనిసరి.

బ్రిటన్ దారి వేరు. అక్కడ ఎవరైనా ఇంజినీరునని చెప్పుకోవచ్చు. 'చార్టర్డ్ ఇంజినీర్' అన్న హోదాకు మాత్రమే రక్షణ ఉంది. ఆ హోదాను వృత్తి సంఘాలు చదువు, అనుభవం, ఇంటర్వ్యూ చూసి ఇస్తాయి. పని చేసే హక్కును కాక పేరును మాత్రమే కాపాడే పద్ధతి ఇది.

మన దారి బ్రిటిష్ వారసత్వంతో మొదలై సగంలో ఆగిపోయింది. 1920లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్‌కు 1935లో రాయల్ చార్టర్ దక్కింది. చార్టర్డ్ ఇంజినీర్ హోదా అప్పటి నుంచి వస్తున్నదే. పాలిటెక్నిక్ చదివి ఉద్యోగంలో చేరినవారు ఏఎంఐఈ పరీక్షలు రాసి ఇంజినీర్లయిన దారి కూడా ఆ సంస్థదే. 2013 మే 31 దాకా పేరు నమోదు చేసుకున్నవారికే కేంద్రం ఆ గుర్తింపును కొనసాగించింది. స్వాతంత్ర్యం వచ్చాక చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949లో, న్యాయవాదులకు 1961లో, ఆర్కిటెక్టులకు 1972లో చట్టాలు వచ్చాయి. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఇంజినీరుకు మాత్రం అలాంటి అఖిల భారత చట్టం రాలేదు.

అక్రెడిటేషన్ కథ వేరే పట్టాల మీద నడిచింది. ఏఐసీటీఈ 1994లో ఎన్‌బీఏను ఏర్పాటు చేసింది. 2010లో అది స్వయంప్రతిపత్తి గల సంస్థ అయింది. 1989లో ఇంగ్లీషు మాట్లాడే ఆరు దేశాలు కలిసి మొదలుపెట్టిన వాషింగ్టన్ అకార్డ్‌లో భారత్ 2007లో తాత్కాలిక సభ్యత్వం పొంది, 2014 జూన్ 13న పూర్తి సభ్యురాలైంది. ఒక సభ్యదేశం అక్రెడిట్ చేసిన ఇంజినీరింగ్ కోర్సును మిగతా దేశాలు సమానంగా చూడాలన్నది ఈ ఒప్పందం సారాంశం. అనుభవజ్ఞులైన ఇంజినీర్ల పరస్పర గుర్తింపు కోసం వేరే ఒప్పందం ఉంది. అందులో భారత్ తరఫున ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ ఉంది. అంటే అంతర్జాతీయంగా కోర్సుల తరఫున ఒక సంస్థ, మనుషుల తరఫున మరో సంస్థ నిలబడ్డాయి. స్వదేశంలో ఆ రెండింటినీ కలిపే చట్టం మాత్రం లేదు.

తిరుపతి, చిత్తూరు కాలేజీలు ఎక్కడున్నాయి

ఈ ప్రాంతంలో అన్ని రకాల సంస్థలూ ఉన్నాయి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో మొదలైతే, దాని ఇంజినీరింగ్ కాలేజీ 1959లో వచ్చింది. ఏర్పేడు దగ్గర క్యాంపస్ ఉన్న ఐఐటీ తిరుపతి 2015లో తరగతులు ప్రారంభించింది. రంగంపేటలో 1996లో మొదలైన శ్రీ విద్యానికేతన్ ఇంజినీరింగ్ కాలేజీ మొదట అనుబంధ కాలేజీ, తరువాత అటానమస్, 2022లో మోహన్‌బాబు విశ్వవిద్యాలయం. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ ఇంజినీరింగ్ ఉంది. చిత్తూరు, పుత్తూరు, కుప్పం, మదనపల్లె చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీలు ఉన్నాయి.

ఈ తేడాలకు ఎన్‌బీఏ లెక్కలో చాలా విలువ ఉంది. విశ్వవిద్యాలయాలు, అటానమస్ సంస్థల కోర్సులు టైర్-1 కింద, మామూలు అనుబంధ కాలేజీల కోర్సులు టైర్-2 కింద వస్తాయి. వాషింగ్టన్ అకార్డ్ గుర్తింపు టైర్-1కే వర్తిస్తుంది. సిలబస్ మార్చే అధికారం లేని కాలేజీ తన కోర్సు ఫలితాలకు పూర్తిగా జవాబుదారీ కాలేదన్నది దీని వెనుక ఉన్న తర్కం. ఫ్లెక్సీ మీద మాత్రం రెండు టైర్లకూ ఒకటే మాట, 'ఎన్‌బీఏ అక్రెడిటెడ్'.

ఐఐటీల సంగతి ఇంకో తిరకాసు. పార్లమెంటు చట్టంతో నడిచే ఈ సంస్థలు ఎన్‌బీఏ అవసరం తమకు లేదని చాలాకాలం దూరంగానే ఉన్నాయి. ఫలితంగా దేశంలో అత్యంత కష్టపడి సీటు సంపాదించిన విద్యార్థి పట్టా మీద, విదేశీ గుమాస్తా వెతికే ముద్ర లేకుండా పోయింది.

అక్రెడిటేషన్ తనిఖీ ఎలా ఉంటుందో దగ్గరి నుంచి చూస్తే దాని బలం, బలహీనత రెండూ కనిపిస్తాయి. కాలేజీ ముందుగా స్వీయ అంచనా నివేదిక పంపుతుంది. తరువాత నిపుణుల బృందం సాధారణంగా మూడు రోజులు వచ్చి ల్యాబులు, జవాబు పత్రాలు, ప్రాజెక్టు రిపోర్టులు చూస్తుంది. విద్యార్థులు, పూర్వ విద్యార్థులు, ఉద్యోగాలిచ్చిన కంపెనీలతో మాట్లాడుతుంది. ప్రతి సబ్జెక్టులో విద్యార్థి ఏం నేర్చుకోవాలో రాసి, దాన్ని కోర్సు మొత్తం లక్ష్యాలతో ముడిపెట్టి, సాధించిన మేరకు అంకెలు చూపాలి. అధ్యాపకులు 'సీఓ-పీఓ మ్యాపింగ్' అని పిలిచే పట్టికలు ఇవే. బాగా నడిచే విభాగంలో ఈ పద్ధతి బోధనను సరిదిద్దుతుంది. నడవని విభాగంలో తనిఖీకి ముందు నెలల్లో కోర్సు ఫైళ్లు వెనక్కి వెళ్లి నింపే పనిగా మిగులుతుంది. సంస్థలకు గ్రేడు ఇచ్చే నాక్ విషయంలో 2025 ఫిబ్రవరిలో తనిఖీ బృందం సభ్యులను లంచం ఆరోపణలపై సీబీఐ అరెస్టు చేసింది. ఆ కేసు మన రాష్ట్రంలోని ఒక విద్యాసంస్థ తనిఖీకి సంబంధించినదే. ఎన్‌బీఏ వేరే సంస్థ అయినా, తనిఖీ ముద్రల మీద జనానికున్న అనుమానం ఇలాంటి వార్తలతో పెరుగుతుంది.

ఇక్కడ సంతకం ఎవరిది

తిరుపతిలో ఒకరు ఇల్లు కట్టాలనుకుంటే మొదట వెళ్లేది ఎల్‌టీపీ దగ్గరికి. అంటే లైసెన్సు పొందిన సాంకేతిక నిపుణుడి దగ్గరికి. ఆర్కిటెక్టులు, ఇంజినీర్లు, స్ట్రక్చరల్ ఇంజినీర్లు, టౌన్ ప్లానర్లు ఈ కోవలోకి వస్తారు. ఆంధ్రప్రదేశ్ భవన నియమావళి 2017లో వచ్చింది. దాని ప్రకారం నగరపాలక సంస్థ లేదా తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలో ప్లాను ఆన్‌లైన్‌లో ఎల్‌టీపీ ద్వారానే వెళ్లాలి. స్థలం పత్రాలు, సెట్‌బ్యాక్ కొలతలు, రోడ్డు వెడల్పు, అంతస్తులు ఎక్కువైతే స్ట్రక్చరల్ డిజైన్, వీటన్నిటికీ అతనిది పూచీ. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఒక స్థాయి ఎత్తు వరకు నివాస భవనాలకు ఎల్‌టీపీ స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వచ్చే పద్ధతి తెచ్చాక ఆ సంతకం బరువు మరింత పెరిగింది. అంతకుముందు టౌన్ ప్లానింగ్ సిబ్బంది చూసే పనిలో పెద్ద భాగం ఇప్పుడు ఆ ఒక్క సంతకం మీద నిలబడింది.

ఆ సంతకానికి ఏ చదువు కావాలి? దేశమంతటా స్థానిక సంస్థలు నమూనాగా తీసుకునే జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016 ప్రకారం, గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం నుంచి సివిల్ పట్టా గానీ, ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ సభ్యత్వం గానీ ఉండాలి. స్ట్రక్చరల్ ఇంజినీరుకైతే పట్టా పైన డిజైన్, ఫీల్డ్ పనిలో కనీసం మూడేళ్ల అనుభవం అడుగుతుంది. వీటిలో ఎన్‌బీఏ మాట లేదు. పైగా ఆ స్మృతి ఇంజినీరు వృత్తిని నియంత్రించే చట్టబద్ధ సంస్థ 'ఏర్పడినప్పుడు' దాని సభ్యత్వం కూడా చెల్లుతుందని రాసి ఉంచింది. రాని చుట్టానికి విస్తరి వేసి పెట్టినట్టు, ఆ వాక్యం ఇంకా ఖాళీగానే ఉంది.

సివిల్ పక్కన పెడితే లైసెన్సులు అసలు లేవని కాదు, చెల్లాచెదురుగా ఉన్నాయి. కరెంటు పనులకు విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే సూపర్‌వైజర్ పర్మిట్లు ఉన్నాయి. కుప్పం వైపు గ్రానైట్ క్వారీలో మేనేజరుగా ఉండాలంటే గనుల భద్రతా సంచాలకాలయం పరీక్ష పాసై యోగ్యతా పత్రం తెచ్చుకోవాలి. ఫ్యాక్టరీల్లో ప్రెషర్ వెసెల్స్, లిఫ్టులు తనిఖీ చేసేందుకు 'కాంపిటెంట్ పర్సన్' ఉండాలి. బాయిలర్ నడిపేవారికి వేరే పరీక్ష. ప్రమాదం కళ్లకు కట్టినట్టు కనిపించిన చోటల్లా ప్రభుత్వం ఒక లైసెన్సు పెట్టింది. శ్రీసిటీలోనో కరకంబాడిలోనో డిజైన్ చేసే మెకానికల్ ఇంజినీరుకు గానీ, బెంగళూరులో కోడు రాసే వాళ్లకు గానీ ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఈ లైసెన్సులన్నిటిలోనూ ఒక సామ్యం ఉంది. కోర్సు ఎన్‌బీఏ అక్రెడిట్ అయిందా లేదా అన్నది వీటిలో ప్రధాన షరతు కాదు.

ముద్ర విలువ తెలిసింది కువైట్‌లో

స్వదేశంలో అక్కరకు రాని ముద్ర పరదేశంలో పనికి అడ్డం పడింది. 2018లో కువైట్ ప్రభుత్వం ఇంజినీర్ల అకామా (నివాస అనుమతి) రెన్యువల్‌కు కువైట్ సొసైటీ ఆఫ్ ఇంజినీర్స్ నుంచి నిరభ్యంతర పత్రం తప్పనిసరి చేసింది. ఆ సొసైటీ భారతీయ పట్టాల విషయంలో ఎన్‌బీఏ జాబితానే ప్రమాణంగా తీసుకుంది. జాబితాలో లేని కోర్సు చదివినవారికి పత్రం దక్కలేదు.

రాయలసీమకు ఇది దూరపు వార్త కాదు. కడప, అన్నమయ్య, చిత్తూరు ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లిన కుటుంబాలు లెక్కలేనన్ని. అప్పటికి పదేళ్లు, ఇరవై ఏళ్లుగా అక్కడ సైట్లలో పనిచేస్తున్న ఇంజినీర్లు ఒక్కసారిగా తమ అర్హత నిరూపించుకోవాల్సి వచ్చింది. ఇక్కడే అక్రెడిటేషన్ అసలు స్వభావం బయటపడింది. ఎన్‌బీఏ 1994లో పుట్టింది. అంతకుముందు చదివినవారికి ఆ ముద్ర ఉండే అవకాశమే లేదు. 2012లో అక్రెడిట్ అయిన కోర్సు 2006లో చదివినవారికి వర్తించదు. ఎన్‌బీఏకు దరఖాస్తు చేయని పేరున్న సంస్థల పట్టాదారులు కూడా ఇబ్బంది పడ్డారు. కొందరు అకామాలో ఇంజినీరు హోదా వదులుకుని వేరే హోదా రాయించుకున్నారు. భారత రాయబార కార్యాలయం, విదేశాంగ శాఖ కువైట్‌తో మాట్లాడాల్సి వచ్చింది. ఒక కోర్సు నాణ్యత గురించి చెప్పే పత్రాన్ని ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి అర్హతకు ఏకైక కొలబద్దగా వాడితే ఏమవుతుందో ఈ ఉదంతం చూపించింది.

ఆస్ట్రేలియా పద్ధతి దీనికి భిన్నం. వలసకు నైపుణ్య పరిశీలన చేసే ఇంజినీర్స్ ఆస్ట్రేలియా, వాషింగ్టన్ అకార్డ్ పరిధిలోని పట్టాను సూటి దారిలో తీసుకుంటుంది. అది లేనివారికి మరో దారి ఉంది; తాము చేసిన పనుల గురించి వివరంగా రాసి, వ్యక్తిగత సామర్థ్యం నిరూపించుకోవచ్చు. ముద్ర ఉంటే పని తేలిక, లేకపోతే కష్టం. తలుపు మాత్రం మూతపడదు.

అమెరికాలో రాష్ట్రానికో నియమం. వాషింగ్టన్ అకార్డ్‌లో ఏబీఈటీ ఉన్నా, లైసెన్సు బోర్డులు అందులో లేవు. చాలా బోర్డులు విదేశీ పట్టాలను ఎన్‌సీఈఈఎస్ సంస్థ చేత సబ్జెక్టు వారీగా లెక్కపెట్టిస్తాయి. గణితం, సైన్సుల్లో 32 క్రెడిట్ గంటలు, ఇంజినీరింగ్ సబ్జెక్టుల్లో 48 గంటలు ఉన్నాయా అని చూస్తారు. సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లే మనవాళ్లలో చాలామందికి ఈ గొడవే తెలియదు. సివిల్, స్ట్రక్చరల్, పర్యావరణ రంగాల్లో స్థిరపడాలనుకునేవారికి మాత్రం చేతిలోని మార్కుల జాబితాతో పాటు సిలబస్ ప్రతి కూడా ఆస్తిగా మారుతుంది. కెనడాలో లైసెన్సు సంస్థ ప్రాంతానికొకటి. ఒంటారియోలోని సంస్థ 2023లో కెనడా అనుభవం తప్పనిసరి అన్న షరతును తొలగించింది.

మూడు వాదాలు

మొదటిది, లైసెన్సు తప్పనిసరి చేయాలన్న వాదం. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్, 2002లో వృత్తి సంఘాలన్నీ కలిసి ఏర్పరచిన ఇంజినీరింగ్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దశాబ్దాలుగా కోరుతున్నది ఇదే. భుజ్ భూకంపం తరువాత గుజరాత్ 2006లో సివిల్ ఇంజినీర్ల కోసం ప్రత్యేక చట్టం చేసింది. 2016 డిసెంబరులో హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో కడుతుండగానే ఏడంతస్తుల భవనం కూలి 11 మంది చనిపోయినప్పుడు కూడా 'డిజైన్ ఎవరిది, సంతకం ఎవరిది' అన్న ప్రశ్నే ముందుకొచ్చింది. డాక్టరు తప్పు చేస్తే ఒక రోగికి ముప్పు, ఇంజినీరు తప్పు చేస్తే భవనంలో ఉన్నవారందరికీ ముప్పు అన్నది ఈ వర్గం మాట. 2025లో ఏఐసీటీఈ ప్రొఫెషనల్ ఇంజినీర్ల బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెట్టింది. ఇండియన్ ప్రొఫెషనల్ ఇంజినీర్స్ కౌన్సిల్ అనే సంస్థ ద్వారా నమోదు, ప్రవర్తనా నియమావళి తేవాలన్నది అందులోని ఆలోచన.

రెండోది, పట్టా చాలన్న వాదం. కంపెనీలు తమకు కావలసినవారిని తామే పరీక్షించుకుంటాయి, ఇంకో కార్యాలయం, ఇంకో ఫీజు, ఇంకో రెన్యువల్ ఎందుకు అని ఈ వర్గం అడుగుతుంది. ప్రైవేటు పరిశ్రమ నుంచి, లైసెన్సుల రాజ్యం చేదు ఇంకా మరవని వారి నుంచి ఈ మాట వినిపిస్తుంది. ఇందులో న్యాయం లేకపోలేదు. నమోదు చేసినంత మాత్రాన నాణ్యత వస్తుందన్న హామీ లేదు. ఆర్కిటెక్టుల చట్టం కాపాడేది 'ఆర్కిటెక్ట్' అన్న పేరునే తప్ప, డిజైన్ పని మొత్తాన్ని కాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం ఉన్న వృత్తిలోనే పరిస్థితి ఇదైతే, ఇంజినీరింగ్‌లో ఇంకెంత మసకగా ఉంటుందన్నది వారి సందేహం.

మూడోది, హద్దులు గీసి లైసెన్సు ఇవ్వాలన్న వాదం. ప్రజల ప్రాణభద్రతతో నేరుగా ముడిపడిన సంతకాలకు మాత్రమే లైసెన్సు పెట్టాలి. భవన నిర్మాణం, వంతెనలు, ఆనకట్టలు, అగ్నిమాపక భద్రత, అధిక వోల్టేజి విద్యుత్ ఆ జాబితాలో ఉంటాయి. మిగతా రంగాలను వదిలేయాలి. అమెరికాలో ఆచరణ దాదాపు ఇదే. మన గనులు, బాయిలర్లు, విద్యుత్ లైసెన్సుల్లో ఉన్నదీ ఇదే. కాకపోతే అవి ఒక్కతాటి మీద లేవు.

పోల్చి చూస్తే

అక్రెడిటేషన్ అడిగేది: ఈ కోర్సు విద్యార్థికి నేర్పాల్సింది నేర్పుతోందా? లైసెన్సు అడిగేది: ఈ మనిషి ఈ పనికి పూచీ పడగలడా?

అక్రెడిటేషన్ లేకపోతే నష్టం: స్వదేశంలో ఉద్యోగానికి దాదాపు ఏమీ లేదు, విదేశంలో చాలా ఉండొచ్చు. లైసెన్సు లేకపోతే నష్టం: ఫ్యాక్టరీలో, సాఫ్ట్‌వేర్‌లో ఏమీ లేదు, భవనం ప్లాను, క్వారీ, బాయిలర్ దగ్గర పని ఆగుతుంది.

అక్రెడిటేషన్ తప్పితే సరిదిద్దుకునే దారి: విద్యార్థి చేతిలో లేదు, కాలేజీ చేతిలో ఉంది. లైసెన్సు తప్పితే సరిదిద్దుకునే దారి: మళ్లీ పరీక్ష, మళ్లీ అనుభవం, అంటే వ్యక్తి చేతిలోనే ఉంది.

మూడో తేడాను చర్చలో చాలామంది గమనించరు. పదిహేడేళ్ల వయసులో ర్యాంకును బట్టి దొరికిన సీటు ఒక మనిషి నలభై ఏళ్ల వృత్తి అర్హతను శాశ్వతంగా నిర్ణయించడం అన్యాయం. ఒక సందర్భంలో మన న్యాయస్థానమే మరో దారి చూపించింది. 2017 నవంబరులో సుప్రీంకోర్టు కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ పట్టాలు చెల్లవంది. అయితే 2001 నుంచి 2005 మధ్య చేరినవారి పట్టాలను రద్దు చేయకుండా నిలిపి ఉంచి, ఏఐసీటీఈ పెట్టే పరీక్ష రాసి నిలబెట్టుకునేందుకు రెండు అవకాశాలిచ్చింది. కోర్సు మీద అనుమానం ఉన్నప్పుడు మనిషిని విడిగా పరీక్షించవచ్చన్న సూత్రం అలా మన న్యాయచరిత్రలోకి వచ్చింది.

ఇంకా తేలనివి

ఒకటి, అక్రెడిట్ కాని కోర్సు చదివిన ఇంజినీరుకు రేపటి కౌన్సిల్‌లో చోటుంటుందా అన్నది. ఉండకపోతే ఇప్పటికే పనిచేస్తున్న లక్షల మంది బయట నిలబడతారు. ఉంటే ఏ పరీక్ష, ఎవరు పెడతారు, తెలుగులో రాయవచ్చా అన్న ప్రశ్నలు వరసగా వస్తాయి.

రెండు, డిప్లొమా ఇంజినీర్ల సంగతి. పాలిటెక్నిక్ చదివినవారు ఊళ్లలో, చిన్న పట్టణాల్లో నిర్మాణాల మీద చేస్తున్న పనిని ఏ ముసాయిదా కూడా తేలిగ్గా పక్కన పెట్టలేదు.

మూడు, అధికారం ఎవరిదన్నది. భవన అనుమతి రాష్ట్రానిది, సాంకేతిక విద్యా ప్రమాణాలు కేంద్రానివి. ఎల్‌టీపీ లైసెన్సు ఇచ్చే స్థానిక సంస్థ, రేపటి జాతీయ కౌన్సిల్ మాట వినాల్సి ఉంటుందా అన్నది ఇంకా తేలలేదు.

నాలుగు, అక్రెడిటేషన్‌ను నమ్మదగినదిగా ఉంచడం. లైసెన్సుకు అది ద్వారమైతే దాని మీద డబ్బు, పలుకుబడి ఒత్తిడి రెట్టింపవుతుంది. తనిఖీ బృందం మీద తనిఖీ ఎవరు చేస్తారన్న ప్రశ్నకు కాగితం మీద జవాబు సులువు, ఆచరణలో కాదు.

ఈ సమీక్ష తేల్చేది

మూడు వాదాల్లో మూడోదే ఆధారాలకు దగ్గరగా ఉంది. మొత్తం వృత్తికి లైసెన్సు పెడితే సాఫ్ట్‌వేర్, తయారీ రంగాల్లోని లక్షల మంది మీద అనవసర భారం పడుతుంది, భద్రతకు ఒరిగేది తక్కువ. ఏమీ పెట్టకపోతే స్వీయ ధ్రువీకరణ కాలంలో నాలుగు అంతస్తుల ఇంటి భద్రత ఒక్క సంతకం మీద, ఆ సంతకం చేసే వ్యక్తి మనస్సాక్షి మీద ఆధారపడుతుంది. ప్రాణభద్రత ఉన్న పనులకు పరీక్ష, నిర్ణీత అనుభవం, తప్పుకు రద్దు అనే మూడు షరతులతో లైసెన్సు ఉండాలి. అక్రెడిట్ అయిన కోర్సు చదివినవారికి ఆ దారిలో ఒక మెట్టు మినహాయింపు ఇవ్వొచ్చు. ఆ ముద్ర లేనివారికి మెట్టు ఎక్కువ ఉండొచ్చు, తలుపు మాత్రం మూయకూడదు. కువైట్ చేసిన పొరపాటును మన చట్టమే మన పిల్లల మీద చేయకూడదు.

చట్టం వచ్చేదాకా ఈ ఏడాది సీటు ఎంచుకునే తిరుపతి, చిత్తూరు కుటుంబాలు చేయగలిగింది ఉంది. కాలేజీని అడగాల్సినవి మూడు: మీరు చేర్పించే బ్రాంచికి ఎన్‌బీఏ ఉందా, ఏ ఏడాది దాకా ఉంది, అది టైర్-1 కిందా టైర్-2 కిందా? జవాబును కాలేజీ మాట మీద వదలకుండా ఎన్‌బీఏ ప్రకటించే జాబితాలో సరిచూసుకోండి. సివిల్, ఎలక్ట్రికల్ చదివే పిల్లలు నాలుగేళ్ల సిలబస్ ప్రతులను పట్టాతో పాటు దాచుకోవాలి. పదేళ్ల తరువాత ఏ దేశం, ఏ బోర్డు, ఏ పత్రం అడుగుతుందో ముందే చెప్పగలవారు లేరు. ఇల్లు కట్టుకునేవారు ఎల్‌టీపీ ఫీజు బేరమాడే ముందు, డిజైన్ చేసింది ఎవరు, అతని అనుభవం ఎన్నేళ్లు అని అడగండి. ఆ ప్రశ్న అడిగేవారు పెరిగితేనే లైసెన్సుకు విలువ వస్తుంది.